బొమ్మల ఫెయిరీ టేల్స్ పుస్తకం కొనేముందు భయపెట్టే పేజీ తెరిచి చూడండి

నాలుగేళ్ల బాబుకీ ఏడేళ్ల పాపకీ కలిపి బొమ్మల ఫెయిరీ టేల్స్ పుస్తకం ఒకటి కొందామనుకుంటున్నారు. ఏది చూసినా అట్ట బాగానే ఉంది, లోపల మాత్రం కొన్నిట్లో కథలు మరీ క్రూరంగా, కొన్నిట్లో మరీ చప్పగా ఉన్నాయి, ఎలా ఎంచుకోవాలి అని అడిగారు. పిల్లల లైబ్రరీకి పుస్తకాలు ఎంపిక చేయడం, వాటిని పిల్లలకు చదివి వినిపించడం ఏళ్ల తరబడి నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇద్దరికీ ఒకే పుస్తకం అనే ఆలోచన మాత్రం ఇప్పుడే వదిలేయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

పుస్తకం చేతికి రాగానే అందరం మొదటి పేజీ నుంచి తిప్పుతాం. మొదటి పేజీలు దాదాపు అన్ని పుస్తకాల్లోనూ బాగుంటాయి, ఎందుకంటే ప్రచురణకర్తలకీ ఆ సంగతి తెలుసు. మీరు నేరుగా కథలో కష్టమైన చోటికి వెళ్లండి. రెడ్ రైడింగ్ హుడ్ కథలో తోడేలు అమ్మమ్మ మంచం మీద పడుకున్న పేజీ, హాన్సెల్, గ్రెటెల్ మంత్రగత్తె పొయ్యి దగ్గర ఉన్న పేజీ, స్నో వైట్ సవతి తల్లికి చివరికి ఏమైందో చెప్పే పేరా. కథ తిరిగి చెప్పినవాళ్లకి ఎంత పట్టు ఉందో, బొమ్మ గీసినవాళ్లకి పిల్లల మనసు ఎంత తెలుసో అక్కడ బయటపడిపోతుంది. ఆ ఒక్క చోట సరిగ్గా ఉన్న పుస్తకం మిగతా చోట్ల తేలిపోవడం నేను చాలా అరుదుగా చూశాను.

ఉదాహరణకి ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ డోరే 19వ శతాబ్దంలో రెడ్ రైడింగ్ హుడ్ కథకి గీసిన బొమ్మ ఒకటి ఉంది. నెట్‌లో వెతికితే వెంటనే దొరుకుతుంది. పాప, తోడేలు ఒకే మంచం మీద పక్కపక్కన ఉంటారు. తోడేలు తలకి అమ్మమ్మ టోపీ. పాప దుప్పటి గుండెల దాకా లాక్కుని, కొంచెం పక్కకి జరిగి, ఓరకంట దాన్ని చూస్తూ ఉంటుంది. బొమ్మలో రక్తం లేదు, కోరలు చూపించడం లేదు, ఎవరూ ఎవరి మీదా దూకడం లేదు. భయమంతా ఆ పాప కళ్లలోనే ఉంది. ‘ఇది అమ్మమ్మ కాదేమో’ అనే అనుమానం అప్పుడే పుడుతున్న క్షణం అది. భయపెట్టే ఘట్టాన్ని గీయడం అంటే అదీ. నోరు తెరిచిన తోడేలు కోరల్ని పేజీ నిండా గీయడం ఎవరికైనా చేతనవుతుంది. తోడేలుని బొద్దుగా, నవ్వుతూ, పెంపుడు కుక్కపిల్లలా గీయడం ఇంకా తేలిక. ఆ రెండు రకాల పుస్తకాలూ నేను పక్కన పెట్టేస్తాను. రెండో రకాన్నే ముందుగా పక్కన పెడతాను, ఎందుకంటే ఆ తోడేలుని చూశాక కథలో ఎవరు ఎందుకు భయపడుతున్నారో పిల్లలకి అర్థం కాదు.

ఇక రాత సంగతి. ఇదే కథకి మీకు కనీసం మూడు ముగింపులు కనిపిస్తాయి. ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన కథలో తోడేలు పాపని తినేస్తుంది, అంతే, కథ అయిపోయింది. జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల కథలో వేటగాడు వచ్చి తోడేలు పొట్ట కోసి అమ్మమ్మనీ మనవరాలినీ బయటికి తీస్తాడు, తోడేలు పొట్టలో రాళ్లు నింపుతారు. ఈ మధ్య వచ్చే పుస్తకాల్లో అమ్మమ్మ అల్మరాలో దాక్కుంటుంది, తోడేలు పారిపోతుంది. నాలుగేళ్ల పిల్లలకి మూడోదే సురక్షితం అనుకుంటారు పెద్దలు. చదివి చూడండి. తోడేలు పారిపోయిందని చెప్పగానే ‘ఎక్కడికి పోయింది? మళ్లీ వస్తుందా?’ అని అడుగుతారు. పొట్టలో రాళ్లు నిండిన తోడేలు గురించి ఆ ప్రశ్న రాదు. కథలో ప్రమాదం పూర్తిగా తీరిపోవడం పెద్దవాళ్లకి క్రూరంగా అనిపిస్తుంది, పిల్లలకి అదే ధైర్యం ఇస్తుంది. అందుకని ఆ చిన్న వయసుకి నేను గ్రిమ్ ముగింపే ఇష్టపడతాను. పెరో ముగింపు ఇంకొన్నేళ్లు ఆగాక.

‘అసలు కథ ఇదే, మార్చకూడదు’ అనే వాదన కూడా రివ్యూల్లో కనిపిస్తుంది. దానికి లొంగిపోకండి. గ్రిమ్ సోదరులే తమ కథల్ని మారుస్తూ వచ్చారు. మొదటి సంపుటం 1812లో వచ్చింది. అందులో స్నో వైట్‌ని చంపించాలని చూసేది సవతి తల్లి కాదు, కన్నతల్లే. 1819 నాటి రెండో ముద్రణలో ఆమెని సవతి తల్లిని చేశారు. మొదటి ముద్రణలో, గోపురంలో బందీగా ఉన్న రపంజెల్ తన బట్టలు బిగుతైపోతున్నాయని అమాయకంగా అనేస్తుంది, గర్భవతి అని మంత్రగత్తెకి తెలిసిపోతుంది. తర్వాతి ముద్రణల్లో ఆ మాట తీసేసి వేరేది పెట్టారు. ఇలా ఒకవైపు మెత్తబరుస్తూనే మరోవైపు శిక్షలు కఠినం చేశారు. సిండ్రెల్లా అక్కల కళ్లని పావురాలు పొడిచేయడం 1812లో లేదు, తర్వాత చేరింది. ఆఖరి ముద్రణ 1857 నాటిది. కాబట్టి తిరిగి చెప్పేవాళ్లు మార్చారా లేదా అని చూడక్కర్లేదు. మార్చాక కథ నిలబడిందా లేదా చూడాలి.

‘సంపూర్ణ గ్రిమ్ కథలు’ అని లావుపాటి పుస్తకాలు, బంగారు అంచులూ రిబ్బనూ పెట్టి అమ్ముతుంటారు. అవి పెద్దవాళ్ల అలమర కోసం. ఆఖరి ముద్రణలో 200కు పైగా కథలున్నాయి. వాటిలో యూదుణ్ణి ముళ్లపొదలో గంతులేయించి, చివరికి ఉరి తీయించే కథ ఉంది, కూతుర్నే పెళ్లాడాలనుకునే రాజు కథ ఉంది. పాపకి పుస్తకం ఇచ్చేసి మీరు వంటింట్లో ఉన్నప్పుడు తను ఏ కథ తెరుస్తుందో మీకు తెలియదు. నిజానికి ఈ చిక్కు గ్రిమ్ సోదరులకీ ఎదురైంది. మొదటి ముద్రణలో పండితుల కోసం రాసిన నోట్స్ ఉన్నాయి, బొమ్మలు లేవు, పిల్లలకి తగదని విమర్శలూ వచ్చాయి. 1823లో ఇంగ్లండ్‌లో ఎడ్గర్ టేలర్ కొన్ని కథలే ఎంచి అనువదించాడు, జార్జ్ క్రూక్‌షాంక్ బొమ్మలు వేశాడు, పుస్తకం బాగా ఆడింది. అది చూసి గ్రిమ్ సోదరులు 1825లో 50 కథలతో చిన్న ముద్రణ తెచ్చారు. దానికి ఏడు బొమ్మలు వేసింది వాళ్ల తమ్ముడు లూడ్విగ్ ఎమిల్ గ్రిమ్. ఇన్నిట్లోంచి ఏరి ఇవ్వడమే పిల్లల పుస్తకం పని అని కథలు సేకరించినవాళ్లే ఒప్పుకున్నాక, ‘సంపూర్ణం’ అనే మాటకి మనం ఎందుకు డబ్బులు పెట్టాలి?

ఆండర్సన్ దారి వేరు. గ్రిమ్ కథలు చాలావరకు జనం నోట విన్నవి, ఎవరి మాటల్లో చెప్పినా కథ బతుకుతుంది. డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1835 నుంచి అచ్చువేసిన కథలు చాలావరకు ఒక రచయిత కూర్చుని మాట మాటా చెక్కినవి. వాటిని కుదిస్తే మిగిలేది ఎముకలే. పరీక్షించడానికి రాజుగారి కొత్త బట్టల కథ చాలు. ఆఖరి పేరా చూడండి. ‘రాజుగారి ఒంటి మీద ఏమీ లేదు’ అని పిల్లాడు అన్నాక, చాలా సంక్షిప్త పుస్తకాల్లో అందరూ నవ్వుతారు, రాజు సిగ్గుపడి లోపలికి పరుగెత్తుతాడు. ఆండర్సన్ అలా రాయలేదు. వాళ్లు చెప్పేది నిజమేనేమో అని రాజుకి తెలుస్తూనే ఉంటుంది, కానీ ఊరేగింపు ఆపకూడదనుకుని ఇంకా నిటారుగా నడుస్తాడు. వెనక సేవకులు లేని అంగీ అంచుని పట్టుకుని మోస్తూనే ఉంటారు. ఏడేళ్ల పిల్లలు పగలబడి నవ్వేది సరిగ్గా ఆ చోటే. ఆ రెండు వాక్యాలూ కోసేసిన పుస్తకంలో ఇంకేం కోశారో అని నాకు అనుమానం వస్తుంది. ఆండర్సన్‌లో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. అగ్గిపెట్టెల పాప చలికి చనిపోతుంది, చిన్ని మత్స్యకన్యకి రాకుమారుడు దక్కడు, ఎర్ర చెప్పుల కథలో పాప కాళ్లు నరికించుకుంటుంది. నాలుగేళ్లకి ఇవి వద్దు. మత్స్యకన్య సినిమా చూసిన పిల్లలకి ఈ ముగింపు పెద్ద దెబ్బే, ముందే ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

పుస్తకం లోపలి టైటిల్ పేజీలో ఎవరి పేర్లు ఉన్నాయో చూడండి. కథ ఎవరిది, తిరిగి చెప్పింది లేదా అనువదించింది ఎవరు, బొమ్మలు ఎవరివి. ఈ మూడూ ఉండాలి. పది లైన్లలో ముగిసే స్నో వైట్ పైన గ్రిమ్ సోదరుల పేరు మాత్రమే వేసి వదిలేశారంటే, ఆ పది లైన్లు రాసిన మనిషి పేరు చెప్పుకునేంత పని అక్కడ జరగలేదన్నమాట. చిన్న లెక్క కూడా వేయండి. మొత్తం పేజీల్ని కథల సంఖ్యతో భాగించండి. ‘రోజుకో కథ, 365 కథలు’ అంటూ వచ్చే పుస్తకాల్లో బొమ్మతో కలిపి కథకి ఒక పేజీ దక్కుతుంది. అంత చోట్లో సిండ్రెల్లా మూడుసార్లు విందుకి వెళ్లి రావడం కుదరదు, ఒక్కసారే వెళ్తుంది, చెప్పు జారుతుంది, పెళ్లవుతుంది. కథకి కనీసం ఆరు, ఏడు పేజీలైనా రావాలి.

ఎక్కడైనా ఒక పేజీ గట్టిగా చదవండి. షాపులో సిగ్గనిపిస్తే పెదవులు కదుపుతూ చదివినా చాలు. వాక్యం మధ్యలో ఊపిరి ఆగిపోతోందా? ‘వృద్ధ స్త్రీ వేషధారణలోనున్న తోడేలు’ లాంటివి తగులుతున్నాయా? అలాంటి అనువాదాన్ని మీరు రోజూ రాత్రి చదువుతూ చదువుతూనే మాటల్లోకి మార్చుకోవాల్సి వస్తుంది, వారానికి విసుగొస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే మాటలు ప్రతిసారీ ఒకేలా ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యం. ‘నీ చెవులు ఇంత పెద్దవేంటి అమ్మమ్మా’ అనే వరసని, మూడు పందిపిల్లల ఇంటి తలుపు దగ్గర తోడేలు బెదిరింపుని పిల్లలు మనకంటే ముందే అందుకుంటారు. వాక్యం రిపీట్ అవుతోందని అనువాదకుడు ప్రతిసారీ మాటలు మార్చేస్తే ఆ సరదా పోతుంది. అక్షరాలు పెద్దగా ఉంటే చాలదు, లైన్ల మధ్య ఖాళీ కూడా చూడండి. తెలుగులో పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతుంటే, ఇప్పుడిప్పుడే సొంతంగా చదువుతున్న ఏడేళ్ల పాపకి అది అడ్డంకి.

బొమ్మల విషయంలో శైలి గురించి పెద్దగా గొడవ పడను. నీటి రంగులు, కాగితం కత్తిరించి అతికించినవి, నలుపు తెలుపు గీతలు, ఏదైనా పిల్లలు చూస్తారు. నేను చూసేది వేరే. రాతని చేత్తో మూసేసి బొమ్మని మాత్రమే చూస్తే ఏం జరుగుతోందో తెలియాలి. రాతలో లేనిది ఏదో ఒకటి బొమ్మలో దొరకాలి, కిటికీ బయట పిల్లి కావచ్చు, బల్ల కింద ఎలుక కావచ్చు. మీరు చదువుతుంటే చదవడం రాని బాబు చేసే పని అదే, బొమ్మలో వెతకడం. రాకుమార్తెలందరికీ ఒకే ముఖం పెట్టి జుట్టు రంగు మాత్రం మార్చిన పుస్తకాలు చాలా ఉన్నాయి, కథ తిప్పగానే ‘ఈమె మళ్లీ వచ్చింది’ అంటారు పిల్లలు. రాతలో ఎర్ర అంగీ అని ఉండి బొమ్మలో నీలం ఉంటే ఇంకా గోల. పేజీ తిప్పితే తెలియాల్సిన రహస్యాన్ని ఎదురు పేజీలోనే పెద్ద బొమ్మగా వేసేశారేమో కూడా చూడండి. రెండు పేజీలకీ పరిచిన బొమ్మలో ముఖ్యమైన ముఖం సరిగ్గా మధ్య మడతలోకి పోవడం ఇంకో తరచు తప్పు.

పాత చిత్రకారుల పుస్తకాల రీప్రింట్లు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి, కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఎవరైనా వేయొచ్చు. ముళ్లపొదల్లాంటి చెట్లకి ముఖాలు మొలిపించే ఆర్థర్ రాక్‌హామ్, లావు నల్ల గీతలు గీసి రంగులు సమంగా నింపి చుట్టూ అల్లిక అంచులు పెట్టే రష్యన్ చిత్రకారుడు ఇవాన్ బిలిబిన్, నార్వే కథలకి 1914లో బొమ్మలు వేసిన డెన్మార్క్ చిత్రకారుడు కే నీల్సెన్, వీళ్ల పని నాకు ప్రాణం. ఆండ్రూ లాంగ్ 1889 నుంచి 1910 దాకా రంగుల పేర్లతో తెచ్చిన 12 ఫెయిరీ టేల్స్ సంపుటాల్లో ఎక్కువ బొమ్మలు హెచ్. జె. ఫోర్డ్‌వి, అవీ గొప్పవే. కానీ రీప్రింట్ కొనేటప్పుడు కళ్లు పెట్టుకుని చూడాలి. ఎక్కడో స్కాన్ చేసిన చిన్న ఫైలుని పెద్దది చేసి అచ్చువేస్తే గీతలు నలుసులు నలుసులుగా, నీడలు మురికిగా కనిపిస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో రంగు బొమ్మల్ని వేరే నునుపు కాగితం మీద అచ్చువేసి పుస్తకంలో అతికించేవారు. ఇప్పటి చవక రీప్రింట్లలో ఆ బొమ్మలన్నిటినీ ఒకచోట గుత్తిగా పెట్టేయడమో, పూర్తిగా వదిలేయడమో జరుగుతుంటుంది. కథ ఒకచోట, బొమ్మ వంద పేజీల అవతల ఉంటే ఒళ్లో కూర్చున్న పిల్లలకి లాభం లేదు. పైగా పాత సంపుటాల భాష బరువైనది, తొమ్మిది పదేళ్ల వయసు దాటాకే అందుతుంది.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది. ఏఐతో పుట్టించిన బొమ్మల్ని అతికించి, పాత కథల్ని కుదించి పెట్టిన పుస్తకాలు ఆన్‌లైన్‌లో వరదలా వస్తున్నాయి. అట్ట చూస్తే కళ్లు చెదిరేలా ఉంటుంది. లోపలి పేజీలు రెండు మూడు వరసగా పోల్చండి. అదే గ్రెటెల్‌కి ఒక పేజీలో రెండు జడలు, తర్వాతి పేజీలో విరబోసిన జుట్టు. హాన్సెల్ వయసు పేజీ పేజీకీ మారుతుంది. చేతులు బుట్ట పిడిని పట్టుకున్నట్టు ఉంటాయి గానీ పట్టుకోవు. అన్ని ముఖాల మీదా ఒకే మెరుపు, ఒకే చిరునవ్వు, అడవిలో తప్పిపోయినప్పుడు కూడా. చిత్రకారుల పేరు ఎక్కడా ఉండదు. లోపలి పేజీలు చూపించని పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో కొనకండి.

‘ప్రపంచ దేశాల కథలు’ అనే సంకలనాలు నాకు ఇష్టమే, ఒక షరతు మీద. ఏ కథ ఏ దేశానిదో చెప్పాలి, బొమ్మల్లో ఇళ్లూ బట్టలూ చెట్లూ ఆ దేశానివి కావాలి. కథ చైనాదైనా ఆఫ్రికాదైనా వెనక అదే యూరప్ కోట కనిపిస్తే ఆ పుస్తకానికి ఆ పేరు తగదు. ఏడేళ్ల పాపకి ఒకే కథ రెండు దేశాల్లో ఎలా ఉందో చూపిస్తే భలే ఆసక్తిగా వింటుంది. సిండ్రెల్లాకి పెరో ఇచ్చిన గుమ్మడికాయ బండి, గాజు చెప్పులు అందరికీ తెలుసు. కానీ 9వ శతాబ్దంలోనే చైనాలో డువాన్ చెంగ్‌షీ రాసిపెట్టిన యె షియెన్ కథలో దేవత ఉండదు, ఆ పిల్ల పెంచుకున్న చేప ఉంటుంది, సవతి తల్లి ఆ చేపని చంపేశాక దాని ఎముకలే కోరినవి ఇస్తాయి, చెప్పు బంగారంది. ఈ రెండూ ఉన్న సంకలనం దొరికితే వదలకండి.

విషయసూచిక తెరిచి ఆడపిల్ల నిద్రపోకుండా, ఎవరికోసమో ఎదురుచూడకుండా తనే ఏదైనా చేసే కథలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. మంత్రగత్తెని పొయ్యిలోకి తోసేది గ్రెటెల్. ఆండర్సన్ కథలో మంచు రాణి దగ్గరికి వెళ్లి స్నేహితుణ్ణి తెచ్చుకునేది గెర్డా. రష్యన్ కథల్లో వాసిలీసా అనే పిల్ల బాబా యగా అనే మంత్రగత్తె ఇంటికి వెళ్లి నిప్పు తెస్తుంది. ఇలాంటివి లేకపోతే పుస్తకం చెడ్డదని కాదు, ఎంచినవాళ్లు పెద్దగా శ్రమపడలేదని.

పుస్తకం తయారీ గురించి క్లుప్తంగా చెబుతాను. వీపు పైభాగం వైపు నుంచి చూడండి. కాగితాలు మడతలు మడతలుగా కట్టలై కనిపిస్తే కుట్టు బైండింగ్, విడివిడి కాగితాల అంచుకి గమ్ పూసి ఉంటే ఏడాదికి పేజీలు ఊడొస్తాయి. కథల పుస్తకాన్ని ఒకే కథ దగ్గర పదే పదే తెరుస్తారు కాబట్టి ఊడేది కూడా వాళ్లకి ఇష్టమైన కథే. మరీ నిగనిగలాడే గ్లాసీ కాగితం మీద రాత్రి లైటు పడి బొమ్మ సగం కనపడదు, మ్యాట్ అయితే మంచిది. పడుకుని చదివేటప్పుడు గుండెల మీద ఆనించుకోలేనంత బరువుంటే ఆ పుస్తకం త్వరలోనే పైఅరలోకి చేరుతుంది.

ఇక మీ పిల్లలిద్దరి సంగతి. బాబుకి ఆరు నుంచి పది కథలున్న పుస్తకం చాలు. ఒకే చిత్రకారుడి బొమ్మలు, పేజీ పేజీకీ బొమ్మ, మూడు ఎలుగుబంట్లు, మూడు పందిపిల్లలు, మూడు మేకలు, పారిపోయే అల్లం రొట్టె మనిషి లాంటి వరస కథలు. అన్నట్టు ఎలుగుబంట్ల ఇంట్లో దూరింది మొదట్లో బంగారు జుట్టు పాప కాదు, 1837లో రాబర్ట్ సౌతీ అచ్చువేసిన కథలో ఒక నోటిదురుసు ముసలమ్మ. పాపకి పదిహేను, ఇరవై కథలున్న సంకలనం తీసుకోండి. గ్రిమ్ ఎక్కువగా, పెరో రెండు మూడు, ఆండర్సన్ కుదించకుండా రెండు, ఇతర దేశాలవి కొన్ని. ఒక్కో కథ చదవడానికి పది, పదిహేను నిమిషాలు పట్టేంత ఉండాలి, రెండు మూడు పేజీలకో బొమ్మ ఉన్నా పర్వాలేదు. పాపకి చదువుతుంటే బాబు కూడా వచ్చి కూర్చుంటాడు, కూర్చోనివ్వండి. అర్థం కానిచోట లేచి వెళ్లిపోతాడు. కానీ బాబు కోసమని పాప పుస్తకాన్ని మెత్తబరచొద్దు. ఇద్దరికీ ఒకే పుస్తకం వద్దన్నది అందుకే. మధ్యస్థంగా ఉండే పుస్తకం బాబుకి పొడుగైపోతుంది, పాపకి చప్పబడిపోతుంది.

ఒక బొమ్మకి భయపడ్డారనుకోండి, పుస్తకాన్ని దాచేయకండి. దాస్తే ఆ బొమ్మ మనసులో ఇంకా పెద్దదవుతుంది. ఆ పేజీకి క్లిప్పు పెట్టి, తీయాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేయండి. చాలామంది కొన్నాళ్లకి వాళ్లే తీస్తారు, తీసి తర్వాత అదే పేజీ మీకు చూపించి మిమ్మల్ని భయపెట్టాలని చూస్తారు. వీలైతే కొనేముందు లైబ్రరీ నుంచి రెండు మూడు తెచ్చి ఒక వారం ఇంట్లో ఉంచండి. మళ్లీ చదవమని ఏది తెచ్చి ఇస్తారో చూసి అది కొనండి. లైబ్రరీ వీలుకాకపోతే మీరు అనుకుంటున్న పుస్తకాల విషయసూచిక, తోడేలు పేజీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.